డాబా మీది తాటి దోనె

మా నాన్న హైదరాబాదు రావడానికి రెండు షరతులు పెట్టాడు. ఒకటి, తనను ఎవరూ వాకింగుకు వెళ్ళమనకూడదు. రెండు, తన దోనె తనతో పాటు రావాలి. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నాను. మీర్‌పేట్ వైపు మా కాలనీలో నడవాలన్నా చోటు లేదు కాబట్టి అందులో నాకు పోయేదేమీ లేదు. రెండోదాన్ని వేళాకోళం అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక మా నాన్న వేళాకోళం ఆడగా నేను వినలేదు, అయినా అలా అనుకున్నాను.

దోనె అంటే తెలియని వాళ్ళుంటారు కాబట్టి చెబుతాను. మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. చుట్టూ నీళ్ళు, నీళ్ళ నిండా కిక్కిస గడ్డి, అది దాటితే మళ్ళీ నీళ్ళు. ముదురు తాటిచెట్టును కొట్టి, మానును నిలువునా చీల్చి, లోపలి పీచంతా తవ్వి పారేస్తే దోనె తయారవుతుంది. చెట్టు మొదట్లో బొద్దుగా ఉంటుంది కదా, అదే దోనెకు ముక్కు. ఆ వైపు సహజంగానే మూసుకుని ఉంటుంది. రెండో చివర, కోసిన వైపు, తెరుచుకుని ఉంటుంది. అక్కడ బంకమట్టిని బాగా పిసికి గోడలాగా పెట్టి మూస్తారు. ముందు చెట్టు, వెనక మట్టి, మధ్యలో ప్రాణం అరచేతిలో పెట్టుకున్న మనిషి. మట్టి నానిపోతే మళ్ళీ పెట్టుకోవాలి. మా ఊళ్ళో ఏ దోనె వెనక చూసినా ఎవరివో వేళ్ళ అచ్చులు కనబడేవి.

మాకు ఆటో అదే, బస్సు అదే. ఉప్పూ పప్పూ, గడ్డిమోపులూ, జ్వరం వచ్చినవాళ్ళూ, పెళ్ళికొడుకులూ అందరూ దోనెలోనే. మా నాన్న పక్క లంకలో బడిపంతులు. పొద్దున్నే పంచె ఎగగట్టి, సుద్దముక్కల డబ్బాను కండువాలో మూటగట్టి మెడకు వేలాడేసుకుని, గెడ వేసుకుంటూ బడికి వెళ్ళేవాడు. గెడ అంటే పొడుగాటి వెదురుకర్ర. దాన్ని నీటి అడుగున నేలకు ఆనించి తోస్తే దోనె ముందుకు జరుగుతుంది. నేను మధ్యలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేదాన్ని. దోనెలో తోసే మనిషి తప్ప ఇంకెవరూ నిలబడకూడదు, పక్కకు వంగకూడదు, తుమ్ము వచ్చినా తిన్నగా ఎదురుగానే తుమ్మాలి. అన్నిటికన్నా పెద్ద నియమం ఒడ్డున ఉన్నవాళ్ళకు. దోనె కదిలాక "ఎక్కడికి?" అని అడగకూడదు. అడిగారంటే ఆ ప్రయాణం చెడినట్టే. ఎవరైనా అలా అడిగితే మా నాన్న దోనె వెనక్కి తిప్పి, దిగి, కాళ్ళు కడుక్కుని, మళ్ళీ ఎక్కి బయలుదేరేవాడు. బడికి ఆలస్యమైతే తప్పు వాళ్ళదే.

ఆయన రిటైరయ్యాక ఆ దోనె ఊళ్ళో మా బాబాయి పెరట్లో పడి ఉండేది. దాన్ని గేదెలకు కుడితి తొట్టి చేయబోతున్నారని మా నాన్నకు కబురు తెలిసింది. అందుకే ఆ రెండో షరతు. హైదరాబాదుకు చేపలు తెచ్చే లారీలో, ఐసు పెట్టెల పైన పడుకుని వచ్చింది దోనె. వారం రోజులు కాలనీలో పిల్లులన్నీ మా గేటు దగ్గరే కాపురం పెట్టాయి.

మాది మొదటి అంతస్తు, కింద ఓనరు గారు. ఆ కాలనీ మొత్తం ఒకప్పుడు వాళ్ళ తాతల పొలం. ఆరడుగుల మనిషి, తెల్ల లుంగీ, పెద్ద గొంతు. తాళ్ళు కట్టి దోనెను డాబా మీదికి లాగుతుంటే నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, ఎంతో మర్యాదగా అడిగారు.

"గిదేంది సార్? బర్లకు కుడితి పోసే తొట్టా?"

మా నాన్న ఆ రోజంతా అన్నం తినలేదు.

మర్నాడు ఆయనే కిందికి దిగి వెళ్ళాడు. ఇక్కడ ఇళ్ళు రాకముందు ఏముండేదని పంతులు గొంతుతో అడిగాడు.

"వరి నాటేస్తుండె మా తాత. కాలు పెడితే మోకాలు దాక దిగబడుతుండె," అన్నారు ఓనరు గారు.

నాన్న పైకి వచ్చి, పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినవాడిలా నా ముందు నిలబడ్డాడు. "విన్నావా? వరి పండిన నేల. పక్క ఖాళీ ప్లాటులో తుంగ మొలిచింది చూశావా? నీళ్ళొస్తాయి ఇక్కడికి."

రాలేదు. ఆ వానాకాలం రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. మబ్బు పట్టినప్పుడల్లా నాన్న డాబా ఎక్కేవాడు. కాలనీలో వాళ్ళు కింద నుంచి, "సార్, ఈసారన్న ఒస్తయా నీళ్ళు?" అని కేకేసేవాళ్ళు. "ఓపిక పట్టండి," అని పైనుంచి ఆయన జవాబిచ్చేవాడు, ఆలస్యమైన రైలు గురించి చెప్పినట్టు. సరూర్‌నగర్ చెరువు నిండా పెరిగిన గుర్రపుడెక్కను చూసి పరవశించిపోయిన మనిషి హైదరాబాదు మొత్తంలో మా నాన్న ఒక్కడే.

తాటిమాను ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కాబట్టి ఆయన పొద్దునా సాయంత్రం దోనెను తడిపి, తడి గోనెసంచులు కప్పేవాడు. స్లాబు నానిపోతుందని ఓనరు గారికి బెంగ. దోమల మందు కొట్టేవాళ్ళు వచ్చి చూసి, ఇది పూలకుండీ కిందికి వస్తుందా, నీళ్ళ ట్యాంకు కిందికి వస్తుందా తేల్చుకోలేక వెళ్ళిపోయారు. మా అమ్మ మాత్రం ఒకే మాట అంటుండేది. "నాకు బాలింత జ్వరం వచ్చినప్పుడు ఇన్నిసార్లు తడిగుడ్డ వేశాడా ఈయన?" నాన్న ఊరి నుంచి ఒక సంచీడు బంకమట్టి కూడా తెచ్చుకున్నాడు. అదేమిటో తెలియక అమ్మ దాన్ని కరివేపాకు కుండీలో కలిపేసింది. కరివేపాకు ఏపుగా వచ్చింది. ఈ సంగతి నాన్నకు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఆ దోనెకు హైదరాబాదులో దొరికిన ఒకే ఒక్క ప్రయాణికురాలు ఓనరు గారి కోడలు. పొట్టి మనిషి, నా భుజం దాకా కూడా రాదు. పెళ్ళికి ముందు నుంచే సర్కారు ఉద్యోగం కోసం చదువుతోంది. ఆ ఇంట్లో చదువుకోవడమంటే సంతలో నిద్రపోవడమే. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, వంటిల్లంతా కోడలిదే. వచ్చేపోయే చుట్టాలు, వాళ్ళకు టీలు. మామగారు చెడ్డవారేం కాదు. "మనింట్ల బువ్వకేం తక్కువైంది బిడ్డా, నౌకరెందుకు?" అని ప్రేమగా అనేవారు. ఆ ప్రేమకు జవాబుండదు. మొదటిసారి పరీక్ష నాడు చుట్టాల గృహప్రవేశం పడింది. రెండోసారి బోనాలకు ఇంటినిండా జనం దిగారు. "మళ్ళ రాద్దువులే," అన్నారట రెండుసార్లూ.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. పాత ప్రశ్నపత్రాలు అడగడానికి వచ్చి ఆ అమ్మాయి నాకు దగ్గరైంది. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే దోనెలోంచి గొణుగుడు వినబడింది. తొంగి చూస్తే లోపల ప్లాస్టిక్ పట్టా పరుచుకుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని కూర్చుని ఉంది.

"అక్కా, ఎవ్వరికి చెప్పకు. గిండ్ల కూసుంటే మెట్ల కాడ్నుంచి ఎవ్వరికి కనబడ," అంది.

నాన్నకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడని భయపడ్డాను. ఆయనకు ముందే తెలుసు. వడియాలు ఆరబెట్టుకుంటానన్నందుకు అమ్మ మీద ఒంటికాలి మీద లేచిన మనిషి, ఆ అమ్మాయి కూర్చునే చోట ట్యాంకు నీడ సరిగ్గా పడేలా దోనెను జరిపి పెట్టాడు. పైగా పాఠం చెప్పాడు. "నడుము నిటారుగా పెట్టమ్మా. దోనెలో వంగి కూర్చోకూడదు." సిమెంటు డాబా మీద, ఎర్రటి ఎండలో, ఆమె ఒరిగిపోకుండా కూర్చోవడం నేర్చుకుంది.

వయసు పరిమితి దగ్గరపడింది. ఈసారి రాయకపోతే ఇక రాసే పని లేదు. ఆ సంగతి ఆమెకూ నాకూ తెలుసు. ఓనరు గారికి చెప్పినా చెవికెక్కలేదు. ఆయన లెక్కలో "మళ్ళ" అనేది ఎప్పటికీ అయిపోదు.

ఆ ఏడు వినాయక చవితి వెళ్ళిన వెంటనే ముసురు పట్టింది. రెండు రోజులు తెరిపి లేదు. పరీక్షకు ముందురోజు సాయంత్రానికి పైనున్న చెరువు అలుగు పారి మా కాలనీలోకి నీళ్ళు వచ్చేశాయి. నిజంగానే వచ్చేశాయి. నేను నాన్న ముఖం వైపు చూడదలచుకోలేదు. చూశాను. ఊరంతా మునిగితే ఆనందించకూడదని మనిషికి తెలుసు, కానీ ముఖానికి తెలియడం లేదు. రెండుసార్లు పెదవులు బిగించి సర్దుకున్నాడు.

ఓనరు గారి ఇల్లు నడుము లోతు మునిగింది. వాళ్ళంతా మా వాటాలోకి వచ్చేశారు. అందరికన్నా ముందు, చవితినాడు పెట్టిన మట్టి గణపతిని ఓనరు గారు గుండెలకు హత్తుకుని పైకి తెచ్చారు. తర్వాత బియ్యం బస్తా, ఆ తర్వాత టీవీ, చివర మోకాళ్ళు పట్టుకుంటూ భార్య. కొడుకు పని మీద ఊరెళ్ళి ఎక్కడో ఇరుక్కుపోయాడు. మా హాల్లో స్టూలు మీద గణపతి, ఆయన పక్కన కుక్కర్ మూతలు, రిమోట్లు.

తెల్లారింది. వాన ఆగింది గాని నీళ్ళు తీయలేదు. ఆ అమ్మాయి స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, హాల్ టికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. ఆ మెట్లలో కింది అయిదారు నీళ్ళలో మునిగి ఉన్నాయి. పరీక్ష గడ్డిఅన్నారం వైపు. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు మూస్తారని మా సెంటర్లో రోజూ చెప్పే మాటను ఇప్పుడెవరూ ఎత్తడం లేదు.

"రెస్క్యూ బోట్లు రావాలి," అన్నాను.

"ఫోన్ జేసిన మేడమ్. ముసలోళ్ళను, దవాఖానకు పోయేటోళ్ళను ముందు తీస్తున్నరంట. పరీక్షలోళ్ళ వంతు ఎన్నడొస్తదో," అన్నారు ఓనరు గారు. తర్వాత కోడలి వైపు చూసి, "పోనీలే బిడ్డా, మళ్ళ..." అని, ఎందుకో ఆపేశారు. ఆమె తిరిగి చూడలేదు. నీళ్ళనే చూస్తోంది. నిన్నటి నుంచి ఏడవని మనిషి ఇప్పుడు కూడా ఏడవడం లేదు.

నడిచి వెళ్ళొచ్చు కదా అంటే, మా అందరికీ నడుము లోతు, ఆమెకు రొమ్ము లోతు. మ్యాన్‌హోళ్ళ మూతలు లేచిపోయాయి. ఒకవేళ చేరినా, తడిసి ముద్దైన చీరతో పరీక్ష అంతసేపు ఎలా కూర్చుంటుంది? మేం ఈ గొడవలో ఉండగా డాబా మీద నుంచి నాన్న దిగి వచ్చాడు. పంచె ఎగగట్టి ఉన్నాడు. చేతిలో గెడ.

"అమ్మాయీ, లే. బడికి టైమైంది," అన్నాడు.

తర్వాత నాన్న అమ్మ వైపు తిరిగి, "నా బంకమట్టి సంచీ ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

అమ్మ కరివేపాకు కుండీ వైపు చూసింది. నేనూ చూశాను. నాన్న కూడా చూశాడు. వాళ్ళ కాపురంలో అంత నిశ్శబ్దాన్ని నేనెప్పుడూ వినలేదు. కుండీ తిరగేస్తే మట్టి, ఇసుక, కొబ్బరిపీచు, వేర్లు కలిసి పొడిపొడిగా రాలింది. దానితో దోనె కాదు, చీమల పుట్ట కూడా మూయలేం. గోధుమపిండి ముద్ద పెడదామని నేనన్నాను. లెక్కల టీచర్లు ఇలాంటివే చెబుతారని నాన్న అన్నాడు. ఖాళీ ప్లాటులో మట్టి ఉంది గాని అది నీళ్ళ అడుగున ఉంది.

అప్పుడు అందరి చూపులూ ఒక్కొక్కటిగా హాల్లోని స్టూలు మీదికి వెళ్ళాయి. మూరెడు గణపతి, చక్కటి చెరువు బంకమట్టి, రంగుల్లేవు.

"ఏందట్ల చూస్తున్నరు?" అన్నారు ఓనరు గారు.

మా అమ్మే అంది. "అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. స్వామిని ఎలాగూ నీళ్ళలోనే కలపాలి కదా. చెరువుకు మనం తీసుకెళ్ళేలోపు చెరువే వచ్చేసింది."

"చెల్లెమ్మా, గట్లెట్ల? ఇంకా రోజులున్నయి. దేవునితోని పడవ మూస్తరా ఎవరన్న?"

"మూయడం కాదు. వెనక కూర్చోబెట్టుకుంటాం," అన్నాడు నాన్న.

ఓనరు గారు గణపతిని చూశారు, మెట్ల మీద కూర్చున్న కోడలి వీపు చూశారు. అరుపు వస్తుందని మేమంతా చెవులు సిద్ధం చేసుకున్నాం. అరుపు రాలేదు. ఆయన లోపలికి వెళ్ళి కర్పూరం తెచ్చారు. హారతిచ్చి, చెంపలు వేసుకుని, ఉద్వాసన చెప్పే పద్ధతిలో విగ్రహాన్ని కొంచెం పక్కకు కదిపారు. "విఘ్నాలు తీసెటోనివి నువ్వు. నీ పని నువ్వు జేస్కో తండ్రీ. నాకేం తెల్వదు," అని నాన్న చేతుల్లో పెట్టారు. నాన్న నీళ్ళు చల్లి పిసికేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగి నిలబడ్డారు.

దోనెను డాబా మీద నుంచి దించడం ఇంకో రామాయణం. పక్క మేడల వాళ్ళు తాళ్ళు పట్టారు. "మెల్లగ! నా పిట్టగోడ! నా పిట్టగోడ!" అని ఓనరు గారు అరుస్తూనే ఉన్నారు. పిట్టగోడలో ఒక ముక్క విరిగి నీళ్ళలో పడింది. అందరికన్నా గట్టిగా తాడు లాగుతున్నది ఆయనే కాబట్టి ఎవరిని తిట్టాలో తెలియలేదు. దోనె నీళ్ళను తాకగానే నాన్న మెట్ల దగ్గర కూర్చుని వెనక భాగాన్ని మట్టితో మూశాడు. దేవుడి తొండం ఎటు పోయిందో గాని, మట్టి మీద నాన్న వేళ్ళ అచ్చులు పడ్డాయి. నీటిని అరచేతిలోకి తీసుకుని దోనె ముక్కు మీద చల్లి కళ్ళకద్దుకున్నాడు.

ఆమె వచ్చి మధ్యలో కూర్చుంది. మోకాళ్ళు ముడుచుకుంది, నడుము నిటారుగా పెట్టింది. దోనె పిసరంత కూడా ఒరగలేదు. నాన్న నా వైపు గర్వంగా చూశాడు. ఇన్నేళ్ళ నా చదువుకూ ఆ చూపు రాలేదు.

బయలుదేరాం. నాన్న గెడ వేస్తున్నాడు. నేను ఒక పక్క, ఓనరు గారు ఒక పక్క నీళ్ళలో నడుస్తున్నాం. దోనె మీద చేయి వేస్తే నాన్న గెడతో మా వేళ్ళ మీద కొడుతున్నాడు. "పట్టుకుని నడిచే దోనెను కొల్లేట్లో చూస్తే నవ్వి చస్తారు. వదలండి!"

బాల్కనీల్లో జనం నిద్ర కళ్ళతో నిలబడి ఉన్నారు. మొదటి ఇంటివాడే నోరు తెరిచాడు. "ఏడికి సార్?"

నాన్న గెడ ఆపేశాడు. ముఖం ఎర్రబడింది. దోనె వెనక్కి తిరగడం మొదలైంది.

"నాన్నా, వద్దు!"

"అడిగాడు కదమ్మా. దిగి కాళ్ళు కడుక్కోవాలి."

"నీళ్ళలోనే ఉన్నాం నాన్నా! కాళ్ళు వాటంతటవే కడుక్కుంటున్నాయి!"

ఈ వాదం ఆయనకు కొంచెం నచ్చింది. అయితే రెండో ఇంటావిడా అదే అడిగింది, మూడో ఇంటాయనా అదే. అప్పుడు ఓనరు గారు ముందుకు నడిచి, ప్రతి బాల్కనీకీ మేం రాకముందే కేకలేశారు. "ఎవ్వరు ఏడికని అడగొద్దు! నోర్మూస్కొని చూడున్రి! మా కోడలు పరీక్షకు పోతున్నది!" కోడలి పరీక్ష గురించి ఆయన గట్టిగా అనడం నేను వినడం అదే మొదటిసారి. దోనె వెనక గణపతి మట్టి, కేకలు, మెల్లగా కదిలే ఊరేగింపు. ఒకాయన ఇది నిమజ్జనం అనుకుని పైనుంచి పూలు కూడా చల్లాడు. తప్పేం కాదు, అతననుకున్నదీ నిజమే.

సందు చివర, నేల ఎత్తై నీళ్ళు మోకాళ్ళ దాకా తగ్గిన చోట, దోనె ఢక్కున ఆగింది. కిందేదో తగిలింది. నాన్న గెడతో పొడిచి చూసి, "దిబ్బ ఉంది," అన్నాడు.

"దిబ్బ గాదు," అన్నారు ఓనరు గారు మెల్లగా. "స్పీడ్ బ్రేకర్. నేనే ఏయించిన. పోరగాళ్ళు బండ్లు జోరుగ నడుపుతున్నరని."

మామూలు స్పీడ్ బ్రేకర్ కాదు, ఆయనలాగే ఎత్తైనది. ఆ దెబ్బ తప్పించుకోవాలని నాన్న కొల్లేటి అలవాటు కొద్దీ లోతు వెతుక్కుంటూ ఎడమకు తిప్పి, బలంగా గెడ దింపాడు. కొల్లేట్లో లోతైన చోటే దారి. మా కాలనీలో లోతైన చోట మ్యాన్‌హోల్. గెడ సర్రున సగానికి పైగా దిగిపోయింది, లోపలి ఉరవడికి నాన్న చేతిలోంచి జారి మాయమైంది. ఖాళీ చేతులతో, ఇంకా గెడ పట్టుకున్న భంగిమలోనే, ఆయన దోనెలో నిలబడిపోయాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ప్రవాహానికి దోనె మెల్లగా సందు పక్కనున్న మురుగునీటి నాలా వైపు తిరుగుతోంది.

"మామా!" అంది ఆ అమ్మాయి. కదలకుండానే అంది. అంత భయంలోనూ నడుము వంచలేదు.

ఓనరు గారు లుంగీ బిగించారు. గబగబా వెనక్కి వచ్చి, దోనె అంచుకు భుజం ఆనించి తోశారు. "సార్, ఇగ కొట్టకున్రి. కొట్టినా ఇడువ." స్పీడ్ బ్రేకర్ మీద నుంచి దోనె బరబరా గీసుకుంటూ అవతలికి దిగింది. అక్కడి నుంచి మెయిన్ రోడ్డు దాకా, ఇళ్ళ ప్రహరీల పక్కగా, ఆయనే తోశారు. నేను ముందు నడుస్తూ కాళ్ళతో నేల తడిమి చూశాను. నాన్న దోనెలో నిలబడి, చేతిలో ఏమీ లేకపోయినా, "కుడికి! కొంచెం కుడికి!" అని పాఠం చెబుతూనే ఉన్నాడు.

మెయిన్ రోడ్డు ఎత్తు మీద నీళ్ళు పలచబడ్డాయి. దోనె ముక్కు తారును తాకింది. ఆమె లేచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, పొడి కాలితో పొడి రోడ్డు మీద దిగింది. అప్పుడు చూశాం, వెనక మట్టి మెత్తబడి, మెల్లగా జారి, నీళ్ళలో కలిసిపోయింది. దోనెలోకి బుడబుడమని నీళ్ళు ఎక్కాయి. నాన్న మోకాలి లోతు నీళ్ళలో మునిగిన దోనెలో నిలబడి రెండు చేతులూ జోడించాడు. "నువ్వు వెళ్ళమ్మా. నేనూ గణపతీ ఇక్కడుంటాం," అన్నాడు.

ఆటో దొరికింది. ఆమె పక్కన నేనూ ఎక్కాను. లుంగీ పిండుకుంటూ ఓనరు గారు కూడా ఎక్కారు. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఎల్‌బీ నగర్ సర్కిల్ దాటాక ట్రాఫిక్. మేం దిగేసరికి సెంటర్ దగ్గర సెక్యూరిటీ అతను ఒక చేయి గేటు మీద వేసి, రెండో చేతి గడియారం చూస్తున్నాడు.

"జల్ది రండ్రి మేడమ్, మూస్తున్నం!"

పరిగెత్తింది. గేటు దగ్గర ఠక్కున ఆగి వెనక్కి తిరిగింది. "మామా, అత్తమ్మకు గోలీ ఇయ్యాలె. పాలు ఇరుగుతయేమో, కాగబెట్టాలె. అన్నం..."

"పో బిడ్డా," అన్నారు ఓనరు గారు. "ఇంటి పని నేను చూస్కుంట."

నడుము లోతు మునిగిన ఇల్లు అది. అందులో పని ఎక్కడుందో కూడా తెలియని మనిషి ఆయన. ఆమె ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. గేటు మూశారు.

మేం రోడ్డు పక్కన నిలబడ్డాం. చుట్టూ ఇస్త్రీ బట్టల్లో తల్లులూ తండ్రులూ, మధ్యలో నీళ్ళు కారుతున్న మేమిద్దరం. ఓనరు గారు మూసిన గేటును ఒకసారి చూశారు. తర్వాత దగ్గరికి జరిగి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి అడిగారు.

"మేడమ్, జర చెప్పున్రి. గ్లాసెడు బియ్యానికి నీళ్ళెన్ని పొయ్యాలె?"

రెండు గ్లాసులని చెప్పాను. ఆ సాయంత్రం మా వంటింట్లో ఆయన మూడు పోశారు. అన్నం జావైంది. మా అమ్మ చేయబోతే గరిటె ఇవ్వలేదు. అందరం నేల మీద కూర్చుని తిన్నాం. ఆ అమ్మాయి మారు పెట్టించుకుంది.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే ఆమె తయారయ్యే వేళకు కింది వాటాలోంచి కుక్కర్ విజిల్ వినబడుతుంది, వెంటనే ఓనరు గారి కేకలు, ఆ కుక్కర్ మీదే. అన్నం ఇప్పటికీ కాస్త మెత్తగానే ఉంటుందట. ఆమె ఏమీ అనదు. డబ్బా బ్యాగులో పెట్టుకుని, "పోయొస్త మామా," అని చెప్పి ఆఫీసుకు వెళ్ళిపోతుంది.